దక్షిణం గోడ అరుగు

మా గుడి పడగొట్టేస్తున్నారని, దాని కట్టడం గొప్పదనం మీద నన్నో వ్యాసం రాసిమ్మని ప్రభాకర్ ఫోన్ చేశాడు. రెండు మాటలూ ఒకే ఊపిరిలో చెప్పాడు. ప్రభాకర్ మా చిన్నాన్న కొడుకు, నాకంటే చాలా చిన్నవాడు, పలాసలో జీడిపప్పు వ్యాపారం, మా చర్చి సంఘానికి కార్యదర్శి. "కొత్త మందిరం ప్రతిష్ఠకి పుస్తకం ఏత్తన్నాం అప్పా," అన్నాడు. మా వైపు అక్కను అప్ప అంటాం. "పాత గుడి గురించి నువ్వు రాత్తేనే అందంగా ఉంటాది. ఆ గోడలు, కమానులు, గంట గోపురం, అయ్యన్నీ రాయి. మనుషుల గొడవలు మాత్రం పెట్టకు." నాకు నవ్వొచ్చింది. ఆ గుడిలో మనుషుల గొడవ లేని గోడ ఏదో వాడే చూపిస్తే దాని గురించే రాసేదాన్ని. అయినా సరేనన్నాను, శనివారం విశాఖపట్నంలో రైలెక్కాను. వ్యాసం కోసం కాదు. మా సంతోషమ్మ అత్త ఇంకా బతికే ఉంది. ఆ గుడి దక్షిణం గోడ పడిపోయే లోపల ఆమెను ఒకసారి చూడాలనిపించింది.

గుడి గురించి ముందు చెప్పేస్తాను, ప్రభాకర్ మనసు కష్టపెట్టడం ఎందుకు. పలాస స్టేషనుకి ఆవల, జీడి కార్ఖానాల మధ్య ఇరుక్కున్న మా పేటలో అంత ఎత్తు కట్టడం అదొక్కటే ఉండేది. నల్లరాతి గోడలు, గానుగ సున్నం, బర్మా టేకు దూలాలు, పైన పెంకులు. తూర్పున ప్రసంగ వేదిక, దాని పలకలు ఎత్తితే కింద బాప్తిస్మం తొట్టి. పడమట గంట గోపురం. లోపల అడుగు పెడితే మొదట తగిలేది వాసన: గబ్బిలాల వాసన, బెంచీలకి రుద్దిన కిరసనాయిలు, ఆడవాళ్ళ తలల కొబ్బరినూనె, వీటన్నిటి మీదా కార్ఖానాల నుంచి వచ్చే జీడిగింజల పొగ. ప్రసంగం మధ్యలో హౌరా వైపు బండి వెళితే గోడలు సన్నగా అదిరేవి. పాస్టరు గారు ఆగి, కళ్ళద్దాలు తుడుచుకుని, బండి చివరి పెట్టె దాటాక ఆపిన మాట దగ్గర మళ్ళీ అందుకునేవారు. పిల్లలం ఆ బండి కోసమే గుడికి వెళ్ళేవాళ్ళం.

గోడలు ఎంత మందమంటే, కిటికీలో నేను కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే లోపలికీ కనబడేదాన్ని కాదు, బయటికీ కనబడేదాన్ని కాదు. మామూలుగా అంత మందపు గోడకి కిటికీ పెడితే వెలుగు లోపలికి పరుచుకోవాలని లోపలి వైపు వెడల్పు చేస్తారు. మా గుడిలో ఉత్తరం గోడ కిటికీలు అలాగే ఉండేవి. దక్షిణం గోడవి మాత్రం తిరగేసి కట్టారు. లోపల ఇరుకు, బయటికి వెడల్పు. పైగా బాగా కిందికి ఉండేవి. వాటి కింద, గోడ పొడవునా, బయట ఒక రాతి అరుగు. పడగొట్టడానికి లెక్కలు చూడ్డానికొచ్చిన ఇంజనీరు కుర్రాడు ఇది కట్టినవాళ్ళు చేసిన తప్పు అన్నాడట. ప్రభాకర్ ఆ మాట నాకు చెప్పి, పుస్తకంలో అది రాయొద్దులే అన్నాడు.

తప్పు కాదని మా నాయనమ్మ చెప్పగా విన్నాను. ఆ గుడి కట్టించిన దొర ఆ అరుగుని లోపలికి రావడానికి ఇంకా మనసొప్పని వాళ్ళ కోసం వేయించాడట. సంతకొచ్చిన రైతులు, బండ్లవాళ్ళు, బొట్టు పెట్టుకున్న ఆడవాళ్ళు, ఎవరికి వాళ్ళు తమ దేవుడికి కోపం రాకుండా బయటే కూర్చుని వినిపోవచ్చు. వాళ్ళకి వేదిక కనబడాలని కిటికీలు కిందికి పెట్టించాడు, మాట బయటికి పోవాలని వెడల్పు బయటికి చేయించాడు. "లోపల కూకున్నోల్లకన్నా అరుగు మీద కూకున్నోల్లకే బాగా ఇనిపిత్తాదే," అనేది నాయనమ్మ. అది నిజమే. లోపల పైకప్పు కింద మాట మాటని గుద్దుకుని గింగురుమనేది. అరుగు మీద మాత్రం పాస్టరు గారు గొంతు సవరించుకున్నా వినిపించేది. కట్టినవాడికి ఉన్న దయ అందులో కూర్చున్న వాళ్ళకి లేకపోయింది, అంతే తేడా.

మా తాత యాకోబు మేస్త్రి ఆ గుడికి సంఘ పెద్ద. తాపీ పని ఆయన కులవృత్తి కాదు, కానీ గుడి కట్టిన కూలీలలో ఆయన తండ్రి ఒకడు కాబట్టి ఆ గోడలు తన ఆస్తి అనుకునేవాడు. శనివారం పొద్దున్న గడ్డం గీసుకుని, గోడ నిలువు చూసే తూకపు గుండు జేబులో వేసుకుని గుడికి బయలుదేరేవాడు. వెనక నాయనమ్మ సున్నం బాల్చీతో, ఆవిడ వెనక నేను సున్నంలో కలిపే బెల్లం నీళ్ళ చెంబుతో. ఎక్కడ నెర్రె కనబడినా ఆయనకి ఒళ్ళు మండేది. వేలు పెట్టి చూసి, ఎవరో తనకి ద్రోహం చేసినట్టు మూలిగి, సున్నం కూరేవాడు. బెల్లం తక్కువైందని నాయనమ్మను అందరి ముందూ తిట్టేవాడు. ఇంటికొచ్చాక పీట వేసి, నీళ్ళు పెట్టి, ఎండు నెత్తళ్ళ కూర వడ్డించేదాకా ఎవరూ మాట్లాడకూడదు. తిన్నాక చేతిరుమాలు నాలుగు మడతలు పెట్టి ఆదివారం కోసం బైబిలు కింద ఉంచేవాడు. ఆ మడతలంత ఖచ్చితంగా మనుషులుండాలని ఆయన కోరిక.

అరుగుని శిక్ష కింద మార్చింది ఆయనే. తాగి పెళ్ళాన్ని కొట్టినవాడు, జాతరలో వేటపోతు మాంసం తిన్నవాడు, పక్కింటి ఆవిడతో సంబంధం ఉందని మాట పడ్డవాడు, ఇలాంటి వాళ్ళని మొదట బల్ల నుంచి తీసేసేవారు, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేవారు కాదు. తాతకి అది చాలలేదు. లోపల కూర్చోకూడదు, అరుగు మీద కూర్చుని వినాలి అన్నాడు. కొన్నాళ్ళకి వాళ్ళు వేదిక ముందు నిలబడి 'నేను చేసింది పాపం' అని ఒప్పుకుంటే లోపలికి తీసుకునేవారు. దాన్ని ఒప్పుకోలు అనేవారు. అందరూ ఒప్పుకునేవారు. ఎండకి, సిగ్గుకి ఎవరైనా ఒప్పుకుంటారు. ఒప్పుకున్న రోజు తాత వాళ్ళని కౌగిలించుకునేవాడు కూడా. అదంటే ఆయనకి చాలా ఇష్టం.

సంతోషమ్మ అత్త ఆయన ఒక్కగానొక్క కూతురు. జీడి కార్ఖానాలో పప్పు పొట్టు తీసేది. వేళ్ళ కొసలు జీడి కారి నల్లగా ఉండేవి, ఆ చేతులతోనే నాకు జడ వేసేది. కార్ఖానాకి గింజల బస్తాలు తోలుకొచ్చే లోకనాథం అనే ఉద్దానం రైతుతో స్నేహమైంది. రెండెకరాల కొబ్బరి తోట, తల్లి, ఒక సైకిలు, అదీ ఆయన సంసారం. ఒక రోజు అత్త ఆయన ఊళ్ళో, వాళ్ళ అమ్మవారి ముందు తాళి కట్టించుకుని, బొట్టు పెట్టుకుని, ఆ ఆదివారమే గుడికొచ్చి ఎప్పటిలా తల్లి పక్కన కూర్చుంది. నాయనమ్మ చోటు దక్షిణం వైపు, నడిమి కిటికీ దగ్గర. ఆ కిటికీలోనే నేను ముడుచుకుని ఉన్నాను.

తాత వేదిక ముందుకి వచ్చి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. "నా కూతురని ఎవులూ సూడొద్దు. ఈల్లకి ఒక నాయం, నా ఇంటికి ఒక నాయం నేదు. దీన్ని బయట పెట్టాల అన్నోలు సెయ్యెత్తండి," అన్నాడు. చేతులు లేచాయి. ముందు మగవాళ్ళవి, తర్వాత ఆడవాళ్ళవి. ఆయన లెక్కపెడుతున్నట్టు ఒక్కొక్క వరసే చూసుకుంటూ మా కిటికీ దాకా వచ్చి ఆగాడు. "ఆడోల ఏపు ఇంకో సెయ్యి లెగాల," అన్నాడు. ఎవరి చెయ్యో అందరికీ తెలుసు. అంతలో బండి వచ్చింది. గోడలు అదిరాయి. ఆయన చేతులు కట్టుకుని, చివరి పెట్టె దాటేదాకా నాయనమ్మను చూస్తూ నిలబడ్డాడు. బండి వెళ్ళిపోయింది. నాయనమ్మ చెయ్యి ఎత్తింది. భుజం దాకా కూడా లేవలేదు, కానీ తాతకి చాలింది. అత్త లేచి, తల్లి కొంగు తన కాలి కింద పడితే వంగి తీసి ఆవిడ ఒళ్ళో పెట్టి, బయటికి వెళ్ళి, సరిగ్గా ఆ కిటికీ కిందే అరుగు మీద కూర్చుంది. ఆ మధ్యాహ్నం తాత రెండుసార్లు చారు పోయించుకున్నాడు. పులుపు సరిపోయిందన్నాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం లోకనాథం మావ ఆమెను సైకిలు మీద తెచ్చేవాడు. దింపి, అరుగు అవతలి కొసన తనూ కూర్చుని, తువ్వాలుతో విసురుకుంటూ ప్రసంగమంతా వినేవాడు. దొర ఎవరి కోసం ఆ అరుగు కట్టించాడో అలాంటివాడు అక్కడ ఒక్కడే వచ్చి కూర్చున్నాడు, అతన్ని పలకరించిన క్రైస్తవుడు లేడు. నాయనమ్మ కిటికీ తలుపు సరిచేస్తున్నట్టు చెయ్యి బయటికి చాపి అత్త తల మీద పెట్టేది. కీర్తన పాడినంతసేపూ ఆ చెయ్యి అక్కడే ఉండేది. మధ్యలో కూర్చున్న నా ముక్కుకి ఆవిడ చేతి సున్నం వాసన తగిలేది. మాట లేదు, చూపు లేదు, చెయ్యి ఒక్కటే. ఎవరో తాతకి చెప్పారు.

ఆ శనివారం తాత ఇనప ఊచలు తెచ్చాడు. మొత్తం గుడిలో ఏ కిటికీకీ ఊచలు లేవు, ఆ ఒక్కదానికే వేశాడు. లోపలి ఇరుకు వైపు రాయి తొలిచి, ఒక్కొక్క ఊచ తూకపు గుండుతో చూసి నిలబెట్టాడు. చెయ్యి పట్టనంత దగ్గరగా. సున్నం కలిపింది నాయనమ్మే. బెల్లం నీళ్ళు అందించింది నేనే. మా తాత ఆ రోజు బెల్లం తక్కువైందని తిట్టలేదు. ఆవిడ కావాలనే పలచగా కలుపుతుందేమో, ఊచలు ఊడొస్తాయేమో అని నేను చూస్తూ కూర్చున్నాను. అలా కలపలేదు. ఎప్పటికన్నా బాగా కలిపింది. భయం మనిషిని ఎంత మంచి పనివాడిని చేస్తుందో అప్పుడు చూశాను, ఆ తర్వాత ఉద్యోగంలో చాలామందిలో చూశాను.

నాయనమ్మ పోయినప్పుడు శవపెట్టెను లోపల, వేదిక ముందు పెట్టారు, అత్త అరుగు మీదే కూర్చుని ఊచల్లోంచి చూసింది. తాత పోయాక పెద్దలు కొందరు వచ్చి, ఇంక లోపలికి రావచ్చు, ఒప్పుకోలు ఒక్కటి చెప్పెయ్ అన్నారు. "ఏటని సెప్పాల? నా మొగుడు పాపమనా? ఆ మాట నానొల్లను," అంది అత్త. "మీ నాన్న పెట్టిన కట్టడి, మేమెలాగ తీసెత్తాం," అన్నారు వాళ్ళు. బతికుండగా తాతను వెనక తిట్టుకున్న వాళ్ళే, పోయాక ఆయన కట్టడిని దేవుడి మాటంత భద్రంగా దాచుకున్నారు. మరి ఎందుకెళతావు అత్తా, వేరే గుళ్ళు లేవా అని నేనొకసారి కోప్పడ్డాను. "నాను గుడికి రాటం నేదే. మా యమ్మ కూకున్న కాడ ఒక్కపాలి కూకోవాల. ఒప్పుకోకండా కూకోవాల. అందుకే వొత్తన్నాను," అంది. జీవితంలో ఆమె అడిగింది అంతే. అంత చిన్న కోరిక తీర్చడానికి అంత పెద్ద గుడిలో చోటు లేకపోయింది.

ఉద్దానంలో చాలామందికి వచ్చినట్టే లోకనాథం మావకి కిడ్నీలు పోయాయి. ఆయన పోయాక అత్తకీ అదే వచ్చింది. ఇప్పుడు వారానికి ఇన్నిసార్లని పలాస ఆసుపత్రికి వచ్చి డయాలసిస్ సూదులు గుచ్చించుకుంటుంది. ఆదివారం మాత్రం ఆటోలో గుడికి.

నేను వెళ్ళిన ఆదివారం గుడికి కప్పు లేదు. పెంకులు దించి పెరట్లో పోగు పోశారు, దూలాలు ఎవరో కొనుక్కుపోయారు. గోడలు నిలబడే ఉన్నాయి, ఆకాశం లోపలికి దిగింది, గబ్బిలాలు ఎటు పోయాయో లేవు. బెంచీలన్నీ బయటికి మోసి, దక్షిణం వైపు నీడ కోసం టెంటు వేసి, ఆరాధన అక్కడ పెట్టారు. తాత ఏ ఒక్క నెర్రె పడనివ్వని గోడ ఇప్పుడు సంఘమంతటికీ వీపు ఆనించుకునే గోడ అయింది. అరుగు మీద పరుపులు వేసి పెద్దల భార్యల్ని కూర్చోబెట్టారు. మైకు, పెద్ద స్పీకర్లు, ప్లాస్టిక్ పూలు. ప్రభాకర్ తెల్ల చొక్కాలో అటూ ఇటూ తిరుగుతూ నాకు ముందు వరసలో కుర్చీ చూపించాడు.

అత్త ఆటో దిగింది. కాళ్ళు వాచి, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, నా భుజం పట్టుకుని నడిచింది. తన చోట్లో ఎవరో కూర్చుని ఉండడం చూసి ఆగింది. అరుగు మీదున్న ఆవిడ నవ్వి, "ఇటు జరుగుతాను రా మామ్మా," అంది. అత్త అరుగు కేసి చూసింది, టెంటు కింద జనం కేసి చూసింది, తలుపు లేని గుడి గుమ్మం కేసి చూసింది. "అందరూ బయటే ఉన్నారేటి?" అంది. అవునన్నాను. నా భుజం వదిలేసి గుమ్మంలోకి నడిచింది.

లోపల పనివాళ్ళు వదిలేసిన ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. దాన్ని కాలితో నెట్టుకుంటూ నడిమి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, నాయనమ్మ చోట్లో వేసుకుని కూర్చుంది. నేను వెనకే వెళ్ళాను. అత్త కుచ్చెళ్ళు దించి సర్దుకుంది. తర్వాత ఊచల మీద చెయ్యి పెట్టింది. ఊచల అవతల టెంటు, జనం, పాస్టరు గారు. ఊచలు వేశాక మొదటిసారి ఆ కిటికీ ఆమెకి లోపలి నుంచి కనబడింది. "బలే గట్టిగా ఏసినాడు మా బాబు," అంది. "గోడ పోతాది గానీ ఇయ్యి పోవు." నాకు ఏడుపొచ్చింది. ఆమెకి రాలేదు. ఆమెది ఆకలి తీరిన మొహం, ఇంకేమీ కాదు.

ప్రభాకర్ పరుగెత్తుకొచ్చాడు. చేతులు జోడించాడు కూడా. "అత్తా, గోడ నిలబడే పొజిషన్‌లో నేదు. మీద పడితే మాకు మాటొత్తాది. బయటికి రా, నీకు ముందు కుర్చీ ఏయించాను," అన్నాడు.

"ఇన్నాళ్ళూ బయటికి పో అన్నారు. ఇప్పుడు బయటికి రా అంతన్నారు. నాను లోపల కూకునే రోజు ఎప్పుడురా?" అంది అత్త.

"కొత్త మందిరంలో కూకుందువులే. ఏసీ ఏత్తన్నాం. పాస్టరు గారి ముందు ఆ ఒక్క మాటా సెప్పేసుకుంటే..."

"ఒక్క కీర్తన అయ్యేదాకా ఒగ్గేయ్ బాబూ," అంది. ఆమె ఎవరినైనా బతిమాలడం నేనెప్పుడూ వినలేదు. నేనూ అడిగాను, కోపంగానే అడిగాను. ప్రభాకర్ నవ్వుతూనే గుమ్మం వైపు తిరిగి చెయ్యి ఊపాడు. టెంటు కట్టడానికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు, ఇచ్ఛాపురం అవతలి ఒడియా పిల్లలు, వచ్చి చెరో పక్కా వంగి, కుర్చీతో సహా అత్తను ఎత్తారు. ఆమె బరువు ఏముంది, సులువుగా లేచింది. ఊచ పట్టుకున్న వేళ్ళు ఒక్క క్షణం వదల్లేదు. ఒక కుర్రాడు మెల్లిగా, మనిషి వేళ్ళన్నట్టు కాదు, చీర కొక్కేనికి పట్టుకుంటే విడిపించినట్టు విడిపించాడు. గుమ్మం దాటించి, టెంటు కింద చోటు లేదని, పెంకుల పోగు పక్కన ఎండలో దించారు. ప్రభాకర్ మైకు అందుకుని, సంఘంలో వృద్ధురాలైన సంతోషమ్మ గారు అనారోగ్యంతో ఉండి కూడా మన మధ్యకి వచ్చారని, అది ఎంతో సంతోషమని చెప్పాడు. అందరూ ఆమెన్ అన్నారు. ఆ రోజు బల్ల ఉంది. కుర్ర పాస్టరు రొట్టె పళ్ళెం పట్టుకుని ఎండలోకి ఆమె వైపు రెండడుగులు వేశాడు. ప్రభాకర్ ఆయన మోచేతిని తాకి చెవిలో ఏదో చెప్పాడు. పళ్ళెం నీడలోకి తిరిగింది.

వ్యాసం తర్వాత రాసిచ్చాను. గోడల మందం, గానుగ సున్నం, తిరగేసిన కిటికీలు, అన్నీ ఉన్నాయి. మా తాతను నేను ఇప్పటికీ క్షమించలేదు, కానీ ఆ రోజు నుంచి ఒక్క విషయంలో ఆయనకి మార్కులు వేస్తున్నాను. కూతుర్ని బయట పెట్టడానికి ఆయన గుడి మొత్తాన్ని చేతులెత్తమన్నాడు, చివరి చెయ్యి లేచేదాకా ఆగాడు, ఎవరేం చేశారో ఎవరికి వాళ్ళకి తెలిసేలా చేశాడు. ఇప్పుడు ఎవరూ ఏ చెయ్యీ ఎత్తనక్కర్లేకపోయింది. కూలికొచ్చిన చేతులు సరిపోయాయి.

ఆ ఆదివారం ఎండలో నేను ఆమెకి గొడుగు పట్టుకుని నిలబడ్డాను. ఆటోని పిలుస్తానన్నాను. అత్త ఆ ఒడియా కుర్రాళ్ళనే చూస్తోంది. వాళ్ళు దూరంగా నీళ్ళ డ్రమ్ము దగ్గర మొహాలు కడుక్కుంటున్నారు.

"ఎవులే ఆ పిల్లలు?" అంది.

"ఈ ఊరోళ్ళు కాదత్తా. టెంటు పనికొచ్చారు. తెలుగు కూడా రాదు."

"అయితే ఏటి సేసినారో ఆల్లకి తెల్దులే," అంది.

తెలిసినవాళ్ళందరూ టెంటు కింద లేచి నిలబడి ముగింపు కీర్తన అందుకున్నారు.